స్మార్ట్ స్కేల్ గ్రాఫ్ చూసి గర్భనిరోధక మాత్రలు ఆపేశా.. ఆ 1.8 కిలోల్లో నిజమెంత?

ఏప్రిల్ మొదటి వారంలో రివ్యూ కోసం ఒక స్మార్ట్ స్కేల్ కొన్నా. కొన్నాళ్లు వాడి, యాప్ ఎలా ఉంది, సింక్ సరిగ్గా అవుతోందా, బ్యాటరీ ఎన్నాళ్లొస్తోంది అని ఎప్పట్లాగే రాసేద్దామనుకున్నా. ఆ రివ్యూ ఇంకా రాయలేదు. ఎందుకంటే ఆ స్కేల్‌ని నమ్మి నేనొక తెలివితక్కువ పని చేశా. ముందు దాని గురించి రాయాలి. గ్యాడ్జెట్ సైట్‌లో ఈ టాపిక్ ఏంటి అనుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టండి. సెన్సర్లు, సీఎస్‌వీ ఫైళ్లు, ఏ/బీ టెస్టులు అన్నీ వస్తాయి.

నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఇద్దరం సాఫ్ట్‌వేరే, ఇప్పుడే పిల్లలు వద్దనుకున్నాం. డాక్టర్ దగ్గరికెళ్తే రోజూ వేసుకునే మాత్రలు రాశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండూ ఉండే మామూలు రకం. స్కేల్ వచ్చిన ఎనిమిదో రోజు మొదటి మాత్ర వేసుకున్నా. అప్పటికి నా బరువు 58.4 కిలోలు. మే 20న చూస్తే 60.2. యాప్ గ్రాఫ్‌లో గీత మెట్లెక్కినట్టు పైకే పోతోంది. పైగా రోజూ ఉదయం ఒక నోటిఫికేషన్: "మీ బరువు పెరుగుతోంది, జాగ్రత్త."

అదే వారం మా పిన్ని వీడియో కాల్ చేసింది. నా మొహం చూడగానే "ఏంటే, ఒళ్లు చేశావు?" అంది. మాత్రల సంగతి చెప్పా. "అయ్యో, అవి వేసుకుంటే ఒళ్లొస్తుందే, మా కాలం నుంచీ తెలిసిందే" అంది. ఇంకేముంది, స్కేలూ పిన్నీ ఒకే మాట చెప్తున్నారు. రెండో ప్యాక్‌లో తొమ్మిదో మాత్ర దగ్గర ఆపేశా. డాక్టర్‌కి ఫోన్ కూడా చెయ్యలేదు.

ఆపేశాక ఏం చేశానో చెప్పడానికే సిగ్గుగా ఉంది. ఫోన్‌లో పీరియడ్ ట్రాకర్ యాప్ ఉంది కదా, అది ఆకుపచ్చ రంగులో చూపించిన రోజుల్ని "సేఫ్" అనుకున్నాం. జూన్ మూడో వారంలో రావాల్సిన పీరియడ్ రాలేదు. ఒక రోజు, రెండు రోజులు, అలా 12 రోజులు. స్టాండప్ మీటింగ్‌లో నా వంతు వచ్చినా వినపడనంత పరధ్యానం. మెడికల్ షాపు నుంచి మా ఆయన టెస్ట్ కిట్ తెచ్చారు. స్క్రీన్ లేదు, చార్జింగ్ లేదు, యాప్ లేదు, ధర సుమారు 50 రూపాయలు. ఒక గీత వస్తుందా రెండా అని ఆ అయిదు నిమిషాలు బాత్రూమ్ గోడకి ఆనుకుని నిల్చున్నా. ఒక్కటే గీత. వారం తర్వాత మళ్లీ చేస్తే అప్పుడూ ఒక్కటే. అప్పుడు వెళ్లా డాక్టర్ దగ్గరికి.

యాప్ లెక్క ఎక్కడ తప్పింది

మేడమ్ తిట్టలేదు. "ఆ యాప్‌కి నువ్వు మాత్రలు వేసుకుంటున్నట్టు చెప్పావా?" అని అడిగారు. చెప్పలేదు. సెట్టింగ్స్‌లో ఆ ఆప్షన్ ఉందని కూడా అప్పటికి నాకు తెలీదు.

ప్యాక్‌లో చివరి 7 రోజులు హార్మోన్ లేని మాత్రలు ఉంటాయి, లేదా ఆ వారం మాత్రలే ఉండవు. అప్పుడు వచ్చే బ్లీడింగ్ అసలు పీరియడ్ కాదు. హార్మోన్ ఆగినందుకు వచ్చేది మాత్రమే. ఈ మాత్రలు ప్రధానంగా అండం విడుదల కాకుండా ఆపుతాయి కాబట్టి, ఆ నెలలో లెక్కపెట్టడానికి అసలు ఓవ్యులేషనే ఉండదు. మధ్యలో ఆపేసినప్పుడు మూడు రోజులకి వచ్చిన కొద్దిపాటి బ్లీడింగ్ కూడా అలాంటిదే. నా యాప్ వాటన్నిటినీ మామూలు పీరియడ్ అనుకుని, సగటు తీసి, వచ్చే నెల ఓవ్యులేషన్ ఫలానా రోజని తేల్చేసింది. ఇన్‌పుట్ చెత్త అయితే అవుట్‌పుట్ ఏమవుతుందో మన ఫీల్డ్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. పైగా మాత్రలు ఆపాక సైకిల్ గాడిలో పడటానికి కొందరికి కొంత టైమ్ పడుతుంది. నా 12 రోజుల ఆలస్యం అదే. కానీ ప్రెగ్నెన్సీ మాత్రం అంతవరకు ఆగదు. ఆపేసిన మొదటి నెలలోనే రావచ్చు. వీర్యకణాలు లోపల అయిదు రోజుల దాకా బతుకుతాయి కాబట్టి, ఆపడానికి ముందు రోజుల్లో కలిసినా రిస్కే.

వాచీలో టెంపరేచర్ సెన్సర్ ఉంది కదా అని కొందరు అడుగుతారు. యాపిల్ వాచ్ సిరీస్ 8 నుంచి మణికట్టు ఉష్ణోగ్రతను బట్టి ఓవ్యులేషన్ ఎప్పుడు జరిగి ఉంటుందో అంచనా చూపిస్తుంది. అది కూడా జరిగిపోయాకే. దాన్ని గర్భనిరోధక పద్ధతిగా వాడొద్దని యాపిల్ స్వయంగా చెప్తుంది. 2018లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన నేచురల్ సైకిల్స్ లాంటి యాప్ వేరే సంగతి. అది క్యాలెండర్ సగటు మీద కాకుండా శరీర ఉష్ణోగ్రత మీద నడుస్తుంది. ఓవ్యులేషన్‌ని ఆపే హార్మోన్లు వాడేవాళ్లకి అదీ పనికిరాదు.

41 రీడింగులు తవ్వితే

ఇక బరువు. "ఏ టైమ్‌లో చూసుకునేదానివి?" అన్నారు మేడమ్. చటుక్కున జవాబు చెప్పలేకపోయా. ఇంటికొచ్చి యాప్‌లోంచి డేటా ఎక్స్‌పోర్ట్ చేశా. మొత్తం 41 రీడింగులు. ప్రతి దానికీ టైమ్‌స్టాంప్ ఉంది. అసలు ఆ ఫైల్‌ని మొదటి రోజే తెరవాల్సింది.

మొదటి మూడు వారాలూ ఉదయం ఏడింటిలోపు, ఖాళీ కడుపుతో తీసిన రీడింగులు. నాలుగో వారం నుంచి మా ప్రాజెక్ట్ రిలీజ్ మొదలైంది, క్లయింట్ కాల్స్ రాత్రి పూటకి మారాయి. నేను లేచేదే పదింటికి. స్కేల్ ఎక్కేది రాత్రి భోజనం అయ్యాక. ఎవరికైనా ఉదయానికీ రాత్రికీ కిలో, కిలోన్నర తేడా ఉండటం మామూలే. అంటే గ్రాఫ్‌లో ఎడమవైపు ఉన్నది ఉదయం నేను, కుడివైపు ఉన్నది అన్నం తిన్న నేను. ఆ రెండిటినీ కలుపుతూ యాప్ ఒక గీత గీసేసింది!

ఉదయం రీడింగులు మాత్రమే ఫిల్టర్ చేస్తే మొదటి వారం సగటు 58.4, చివరి పది రోజులది 58.9. పెరిగింది అరకిలో. ఆ చివరి పది రోజుల్లో ఉదయం తీసినవి అయిదే ఉన్నాయి కాబట్టి ఆ అరకిలోని కూడా నేను గట్టిగా నమ్మను.

ఫిట్‌నెస్ బ్యాండ్ డేటా పక్కన పెడితే ఇంకో సంగతి బయటపడింది. ఏప్రిల్‌లో రోజుకి సగటున 8,900 అడుగులు, మేలో 3,400. అర్ధరాత్రి కాల్స్ మధ్యలో ఆర్డర్ చేసిన బిర్యానీలు వేరు. మే అంటే మామిడి పండ్లు. దానికి తోడు అమ్మ పంపిన కొత్తావకాయ, రోజూ రెండు పూటలా. ఉప్పు ఎక్కువ తింటే ఒంట్లో నీరు నిలుస్తుంది, ఆ నీటి బరువూ స్కేల్ మీద పడుతుంది. ఇన్ని మారితే నేను మాత్రం నేరం మాత్ర మీద పెట్టా. ప్రొడక్షన్‌లో ఏది పగిలినా చివరి కమిట్‌ని తిట్టే అలవాటు ఎక్కడికి పోతుంది!

స్కేల్ కూడా నిర్దోషి కాదు. దీని నాలుగు మూలల్లో లోడ్ సెల్స్ ఉంటాయి. మనం ఎక్కితే అవి వెంట్రుకవాసి వంగుతాయి, ఆ వంపుకి విద్యుత్ నిరోధం మారుతుంది, దాన్నుంచి బరువు లెక్కగడుతుంది. అందుకే కింద గట్టి నేల ఉండాలి. నేను మధ్యలో ఒకసారి బాత్రూమ్ బయట టైల్స్ మీద నుంచి బెడ్‌రూమ్ మ్యాట్ మీదకి మార్చా. ఒకే ఉదయం రెండు చోట్లా పెట్టి చూస్తే నా దానికి 300 గ్రాముల తేడా వచ్చింది. డిస్‌ప్లేలో దశాంశం తర్వాత రెండు అంకెలు కనపడినంత మాత్రాన అంత కచ్చితత్వం ఉన్నట్టు కాదు.

ఫ్యాట్ శాతం కథ ఇంకా తమాషా. స్కేల్ కొవ్వుని కొలవదు. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి చిన్న కరెంట్ పంపి నిరోధం చూస్తుంది. మీ ఎత్తు, వయసు, జెండర్ కలిపి ఫార్ములాలో వేసి ఒక అంచనా ఇస్తుంది. ఒంట్లో నీరు మారితే అంచనా మారిపోతుంది. నమ్మకం లేకపోతే ఒకసారి స్కేల్ ఎక్కి, లీటర్ బాటిల్ మొత్తం తాగి, మళ్లీ ఎక్కండి. కిలో పెరుగుతారు. అది ఒళ్లు చేయడం కాదు కదా.

మాత్రకి ఆ చెడ్డపేరు ఎక్కడిది?

పిన్నిని పూర్తిగా తప్పుబట్టలేను. 1960లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి గర్భనిరోధక మాత్ర ఎనోవిడ్‌లో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు. ఇప్పుడు మనకి సాధారణంగా రాసే మాత్రల్లో 20 నుంచి 35 మైక్రోగ్రాములు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో 30. వాడే ఈస్ట్రోజెన్ రకం వేరు కాబట్టి రెండిటినీ నేరుగా పోల్చలేం కానీ, డోసు బాగా తగ్గిందన్నది మాత్రం నిజం. ఈస్ట్రోజెన్ కాలేయంలో ఒక ప్రొటీన్‌ని పెంచుతుంది, దాని గొలుసు ప్రభావంగా కిడ్నీలు ఉప్పునీ నీటినీ కాస్త ఎక్కువ పట్టి ఉంచుతాయి. అందుకే మొదట్లో కొందరికి ఉబ్బినట్టు, రొమ్ములు బరువెక్కినట్టు ఉంటుంది. వాళ్లు ఊహించుకుంటున్నది కాదు అది. కానీ నీరు వేరు, కొవ్వు వేరు.

మరి నిజంగా బరువు పెంచుతుందా? 2014లో కాక్రేన్ సంస్థ ఈ రెండు హార్మోన్ల పద్ధతుల మీద జరిగిన 49 ట్రయల్స్‌ని సమీక్షించింది. వాటిలో డమ్మీ మాత్రతోనో, ఏమీ వాడనివాళ్లతోనో పోల్చినవి నాలుగే. ఆ నాలుగింటిలో మాత్రే కారణం అనడానికి ఆధారం దొరకలేదు. చిన్న తేడా అసలే లేదని ఖాయంగా చెప్పడానికి ఆ డేటా చాలదు కానీ, పెద్ద ప్రభావమైతే కనపడలేదని తేల్చారు.

ఇది చదివాక నేను రెచ్చిపోయి మా అక్కకి ఫోన్ చేశా. "హార్మోన్లతో బరువు పెరగదే, అంతా మన భ్రమ" అన్నా. అవతల కాసేపు మాట లేదు. తర్వాత అంది, "నీకు తెలుసా, నాకు రెండోది పుట్టాక మూడు నెలలకోసారి ఇంజెక్షన్ వేశారు. ఏడాదిలో నాలుగు కిలోలు పెరిగా. అడిగితే తిండి తగ్గించమన్నారు. ఇంట్లోనూ అదే అన్నారు. ఇప్పుడు నువ్వూ అదే అంటున్నావు."

ఫోన్ పెట్టేశాక మళ్లీ చదివా. అక్క అడిగింది సబబే.

ప్రభుత్వం 2017 నుంచి 'అంతర' పేరుతో ఇస్తున్న ఇంజెక్షన్‌లో ఈస్ట్రోజెన్ ఉండదు. డీఎంపీఏ అనే ప్రొజెస్టిన్ ఒక్కటే, 150 మిల్లీగ్రాములు. నా మాత్ర గురించిన తీర్పు దానికి వర్తించదు. దీని మీద మనవాళ్లకి బాగా అర్థమయ్యే ట్రయల్ ఒకటుంది, పేరు ఎకో. దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియా, ఎస్వాతినీ దేశాల్లో 7,829 మంది మహిళలతో చేశారు. అసలు ఉద్దేశం హెచ్‌ఐవీ రిస్క్ చూడటం, ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. ఎవరికి ఏ పద్ధతి ఇవ్వాలన్నది లాటరీలా నిర్ణయించారు. కొందరికి ఈ ఇంజెక్షన్, కొందరికి చేతిలో పెట్టే హార్మోన్ ఇంప్లాంట్, కొందరికి హార్మోనే లేని కాపర్-టీ. పక్కా ఏ/బీ/సీ టెస్ట్. ట్రయల్ ముగిసేసరికి సగటున ఇంజెక్షన్ వాళ్లు 3.5 కిలోలు, ఇంప్లాంట్ వాళ్లు 2.4 కిలోలు, కాపర్-టీ వాళ్లు 1.5 కిలోలు పెరిగారు.

ఈ మూడు అంకెల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. హార్మోన్ చుక్క కూడా లేని కాపర్-టీతోనూ బరువు పెరిగింది. ఆ వయసులో ఏం వాడినా, వాడకపోయినా కాలంతో పాటు బరువు కొంత పెరుగుతుంది. అదే కంట్రోల్ గ్రూప్. నా గ్రాఫ్‌లో లేనిది సరిగ్గా అదే. మరోవైపు ఇంజెక్షన్ వాళ్లు వాళ్లకంటే సగటున 2 కిలోలు ఎక్కువ పెరిగారు. అది లాటరీ పద్ధతిలో తేలిన తేడా, తిండి మీద తోసేయడం కుదరదు. సగటు 2 అంటే కొందరికి ఏమీ లేదు, కొందరికి ఇంకా ఎక్కువ. మా అక్క నాలుగు కిలోల్లో ఇంజెక్షన్ వాటా ఎంతో ఎవరూ కొలిచి చెప్పలేరు. కానీ ఆమె అనుమానంలో న్యాయం ఉంది, ఆ మాట అప్పుడే ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. ఆమె తర్వాత కాపర్-టీకి మారింది. నేను సారీ చెప్పా. "సర్లే, నువ్వు ముందు మాత్ర టైమ్‌కి వేసుకో" అంది.

నేనిప్పుడు వాడుతున్న సెటప్

మళ్లీ మొదలుపెట్టా, అదే మాత్ర. డ్రోస్పిరెనోన్ ఉన్న మాత్రలైతే నీరు తక్కువ పడుతుందట, అది రాయమని మేడమ్‌ని అడిగా. ఆ రకానికి నీటిని కాస్త బయటకి పంపే గుణం ఉన్నమాట నిజమే. కానీ పాత రకం ప్రొజెస్టిన్ మాత్రలతో పోలిస్తే రక్తం గడ్డకట్టే రిస్క్ ఎక్కువ ఉండొచ్చని 2012లో ఎఫ్‌డీఏ లేబుల్స్ మార్పించింది. అరకిలో కోసం అది అవసరమా అన్నారు. మూడు నెలలు చూద్దాం, నీకు నచ్చకపోతే పద్ధతి మారుద్దాం, ఆపాలనుకుంటే మాత్రం ముందు ఫోన్ చెయ్యి అన్నారు. హార్మోన్ లేని దారులూ చెప్పారు: కాపర్-టీ, కండోమ్, లక్నోలోని సీడీఆర్‌ఐ తయారుచేసిన వారానికోసారి మాత్ర. ప్రభుత్వం 'ఛాయ' పేరుతో ఇచ్చేది అదే. మొదటి మూడు నెలలు వారానికి రెండు వేసుకోవాలి.

స్కేల్ ఇప్పుడు టైల్స్ మీదే ఉంది. వారానికి మూడుసార్లు, లేవగానే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక. రాత్రి రీడింగ్ పొరపాటున పడితే డిలీట్. యాప్‌లో రోజువారీ గ్రాఫ్ తీసేసి సగటు గీత మాత్రం ఉంచా. ఒక ప్యాక్‌లో రెండో వారం సగటుని, తర్వాతి ప్యాక్‌లో రెండో వారం సగటుతో పోలుస్తా. నీటి హెచ్చుతగ్గులు అలా కొంత సర్దుకుంటాయి. పీరియడ్ యాప్‌లో "మాత్రలు వాడుతున్నా" ఆన్ చేశాక ఆ ఆకుపచ్చ రోజులు మాయమయ్యాయి. దాన్ని ఇప్పుడు మాత్ర రిమైండర్‌గానే వాడుతున్నా. రోజూ రాత్రి 9:30కి మోగుతుంది. ఈ మాత్రలు తు.చ. తప్పకుండా వాడితే ఏడాదికి 100 మందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు. మామూలుగా మర్చిపోతూ వాడితే దాదాపు ఏడుగురికి వస్తుంది. ఆ తేడాలో అలారం పని చాలా ఉంది.

ప్రైవసీ సెట్టింగ్స్ కూడా ఒకసారి చూసుకోండి. యూజర్ల హెల్త్ డేటాని ఫేస్‌బుక్, గూగుల్ లాంటి సంస్థల అనలిటిక్స్ విభాగాలకి పంపిందన్న ఆరోపణ మీద ఫ్లో యాప్ 2021లో అమెరికా ఎఫ్‌టీసీతో సెటిల్‌మెంట్ చేసుకుంది. మీ యాప్‌కి లొకేషన్, కాంటాక్ట్స్ పర్మిషన్ ఎందుకో నాకైతే అర్థం కాదు. నేను ఆఫ్ చేశా.

కొత్తగా కొన్నది ఒక్కటే: భుజానికి చుట్టే బీపీ మెషీన్. మేడమ్ నన్ను స్కేల్ ఎక్కమనలేదు, ముందు బీపీ చూశారు. తర్వాత అడిగినవి: పొగ తాగుతావా? ఇంట్లో ఎవరికైనా కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిందా? కళ్ల ముందు మెరుపులు వచ్చి మొదలయ్యే మైగ్రేన్ ఉందా? ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలతో నిజంగా చూసుకోవాల్సినవి ఇవీ. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, ఛాతీలో నొప్పి, ఆయాసం, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా ఏ యాప్ కోసమూ చూడకుండా ఆసుపత్రికి వెళ్లమన్నారు. మెడికల్ షాపులో ఎవరినీ అడక్కుండా ఈ మాత్రలు కొనుక్కుని వాడే ఫ్రెండ్స్ నాకు ఇద్దరున్నారు. ఇద్దరికీ బీపీ ఎంతో తెలీదు, బరువు మాత్రం గ్రాములతో సహా తెలుసు.

మూడు ప్యాక్‌లు అయ్యాయి. ఉదయం సగటు 58.9 నుంచి 59.2కి వచ్చింది. రిలీజ్ అయిపోయింది, అడుగులు మళ్లీ ఏడు వేలు దాటాయి, ఆవకాయ ఇంకా అయిపోలేదు. ఆ 300 గ్రాములు దేని వల్లో నాకు తెలీదు, వెతకాలనీ లేదు. బీపీ 112/74.

స్కేల్ రివ్యూ వచ్చే వారం పెడతా. బ్యాటరీ బాగుంది, సింక్ బాగుంది. "మీ బరువు పెరుగుతోంది, జాగ్రత్త" అనే నోటిఫికేషన్‌ని ఆపే ఆప్షన్ సెట్టింగ్స్‌లో మూడో పేజీలో, అన్నిటికంటే అడుగున ఉంది. దానికి మాత్రం మార్కులు కోస్తా.